మోషే బెన్ మైమోన్: వినయం, జిజ్ఞాస

మనలో వైద్యవృత్తిలో ఉన్నవారికి 'మైమోనిడిస్ ప్రార్థన' కొత్తది కాదు. ఇక్కడి క్లినిక్కుల గోడలమీద పటం కట్టి కనిపిస్తుంది, కొన్ని వైద్యకళాశాలల ఉత్సవాలలో చదువుతారు కూడా. రోగిలో సాటి మనిషినే చూడాలని, తనకు అంతా తెలుసన్న భ్రమ దరిచేరకూడదని వైద్యుడు వేడుకోవడం అందులోని విషయం. తీరా చూస్తే అది మైమోనిడిస్ రాసింది కాదు. ఆయన 1204లో పోయాడు, ఆ ప్రార్థన 1783లో జర్మన్ భాషలో మొదటిసారి అచ్చయింది. అయినా అది ఆయన పేరుకే అతుక్కుపోయిందంటే ఊరికే కాదు.

మోషే బెన్ మైమోన్ స్పెయిన్‌లోని కార్డోవాలో 1138 ప్రాంతంలో పుట్టాడు. యూదులు ఆయనను 'రంబం' అంటారు. 1148లో ఆ ఊరు అల్మొహద్‌ల వశమయ్యాక మతం మారడమో, ఊరు విడవడమో తేల్చుకోవలసి వచ్చింది. కుటుంబం ఊళ్ళు తిరిగి, మొరాకోలో కొన్నాళ్ళుండి, చివరకు ఈజిప్టులో కైరో పక్కనున్న ఫుస్తాత్‌లో స్థిరపడింది. తమ్ముడు డేవిడ్ రత్నాల వ్యాపారం చేసి ఇల్లు నడిపేవాడు, అన్న చదువుకునేవాడు. ఆ తమ్ముడు మన దేశానికే బయలుదేరి హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. దారిలో ఐదాబ్ రేవునుంచి అన్నకు రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. ఆ వార్త విని మోషే దాదాపు ఏడాది మంచం పట్టాడు. తరువాత పొట్టకూటికి వైద్యం చేపట్టాడు. మతబోధ డబ్బుకు అమ్మే సరుకు కాదని ఆయన నిశ్చయం.

1199లో, తన గ్రంథాన్ని హీబ్రూలోకి అనువదిస్తున్న సామ్యుల్ ఇబ్న్ తిబ్బోన్ ఫ్రాన్సు నుంచి వచ్చి చూస్తానంటే, ఆయన తన దినచర్య రాసి పంపాడు. పొద్దున్నే కైరో వెళ్ళి సుల్తాను కుటుంబాన్ని చూడాలి. మధ్యాహ్నం దాటాక ఆకలితో ఇంటికొస్తే వసారా నిండా జనం, యూదులు, ఇతరులు, గొప్పవాళ్ళు, పేదలు. రోజు మొత్తానికి చేసే ఆ ఒక్క భోజనానికి వాళ్ళనే క్షమాపణ అడిగి, తిని వచ్చి, చీకటిపడ్డాక కూడా పడుకునే మందులు చెప్పేవాడట. రెసిడెన్సీ రోజులు గుర్తున్న మనకు దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

వినయం గురించి ఆయన చెప్పింది విచిత్రంగా ఉంటుంది. ఏ గుణంలోనైనా మధ్యేమార్గమే మేలంటాడు: పిసినారితనమూ వద్దు, దుబారా వద్దు. గర్వం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మధ్యేమార్గం చాలదు, అవతలి కొసదాకా పొమ్మంటాడు. ఇది ఆయన కల్పన కాదు. తోరా మోషే ప్రవక్తను పొగిడినప్పుడు భూమిమీద అందరికంటే వినయశీలి అంది. హిల్లేల్, షమ్మయ్ శిష్యుల వాదంలో తీర్పు హిల్లేల్ వర్గానికి ఎందుకు దక్కిందో తాల్ముద్ చెబుతుంది: వాళ్ళు సాత్వికులు, అవతలివారి మాటను తమ మాటకంటే ముందు చెప్పేవారు.

ఆయన జిజ్ఞాస కూడా ఈ వినయం నుంచి వచ్చిందే అనుకుంటాం. సత్యం ఎవరు చెప్పినా స్వీకరించాలన్నాడు. అరిస్టాటిల్‌నూ అల్ ఫారాబీనీ సంకోచం లేకుండా చదివాడు. గాలెన్ మాట వైద్యులకు వేదవాక్కైన కాలంలో ఆ గాలెన్ రాతల్లో పరస్పర విరుద్ధమైనవి నలభైకి పైగా ఏరి చూపాడు. 1190 ప్రాంతంలో ముగించిన 'సందిగ్ధుల మార్గదర్శి'లో, దేవుడు ఎలాంటివాడో చెప్పలేం, ఎలాంటివాడు కాదో మాత్రమే చెప్పగలం అంటాడు. మనకు 'నేతి నేతి' జ్ఞాపకం వస్తుంది. రెంటికీ చారిత్రక సంబంధం ఉందని మేము అనడం లేదు.

ఇంతటివాడు ఎప్పుడూ వినయంగానే ఉన్నాడా అంటే సందేహమే. 'మిష్నే తోరా' అనే 14 సంపుటాల ధర్మశాస్త్రం రాసి, తోరా తరువాత ఇదొక్కటి చదివితే చాలన్నాడు. ఏ మాట ఎవరిదో చెప్పలేదు. ఫ్రాన్సులోని అబ్రహాం బెన్ డేవిడ్ దీనిమీద నిప్పులు కక్కాడు. మా మట్టుకు మాకు ఆ విమర్శలో న్యాయం ఉందనిపిస్తుంది. అయితే ల్యూనెల్ పండితులు తప్పులెత్తి ప్రశ్నలు పంపితే మైమోనిడిస్ నొచ్చుకోలేదు. తన మాటల్ని అలా పరీక్షించవలసిందేనని సంతోషించి, దిద్దవలసిన చోట దిద్దుకున్నాడు.

ఆయన పోయాక గొడవ ముదిరింది. 1232 నాటికి మాంట్‌పెల్యేలో కొందరు రబ్బీలు తత్త్వశాస్త్రం చదవడాన్నే నిషేధించారు. అక్కడ 'మార్గదర్శి' ప్రతులను తగలబెట్టారని కూడా చెబుతారు. ప్రశ్న విశ్వాసానికి చేటని వాళ్ళ భయం. ఆ భయం ఆ కాలానికీ ఆ మతానికీ మాత్రమే చెందిందని మన పిల్లల ప్రశ్నలు వింటున్న మనం అనలేం.

ఇప్పుడు 'మిష్నే తోరా' అచ్చుప్రతి తెరిస్తే మూలం పక్కనే అబ్రహాం బెన్ డేవిడ్ దుయ్యబట్టిన మాటలు కూడా ఉంటాయి. యూదులు రెండూ కలిపే చదువుతారు. 1896లో సొలొమన్ షెక్టర్ కైరో వెళ్ళి, ఫుస్తాత్ ప్రార్థనాలయంలోని పాతకాగితాల గదినుంచి కేంబ్రిడ్జికి చేర్చిన వేలాది ముక్కల్లో మైమోనిడిస్ స్వహస్తంతో రాసుకున్న చిత్తుప్రతులు బయటపడ్డాయి. వాటినిండా కొట్టివేతలు, పంక్తుల నడుమ ఇరికించిన దిద్దుబాట్లు.