తెర చెదిరితే కంట్రోల్-ఎల్

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో చదువుతున్న బిల్ జాయ్ 1970ల రెండో సగంలో ‘వీఐ’ అనే టెక్స్ట్ ఎడిటర్ రాశాడు. అప్పుడు ఇంట్లో అతని ముందున్నది లియర్ సీగ్లర్ కంపెనీవారి ఏడీఎం-3ఏ టెర్మినల్. అక్కడి నుంచి యూనివర్సిటీ కంప్యూటర్‌కు టెలిఫోన్ తీగ మీద 300 బాడ్ మోడెమ్. అంటే సెకనుకు 30 అక్షరాలు. తెర మీద 24 వరుసలు, వరుసకు 80 గళ్లు. తెరంతా నింపాలంటే నిమిషం పైనే. మధ్యలో ఒక వరుస కొట్టేస్తే కింది వరుసలన్నీ మళ్లీ పంపాలి. వాటిని తనంతట తాను పైకి జరుపుకోవడం ఆ టెర్మినల్‌కు రాదు.

దాంతో వీఐ పరమ పిసినారి అయింది. అలాంటి టెర్మినల్ మీద వరుస కొట్టేస్తే ఆ చోట ‘@’ గుర్తు పెట్టి ఊరుకునేది. మాట మార్చబోతే పాత మాటను చెరపకుండా దాని చివర ‘$’ పెట్టి, అక్కడిదాకా పైనే రాసుకోమనేది. లైను మరీ నెమ్మదైతే తెరలో ఎనిమిది వరుసలే వాడేది.

అసలు కిటుకు వేరే ఉంది. ఎడిటర్‌కు తెర కనబడదు. తాను పంపినదాన్ని బట్టి ‘తెర ఇప్పుడిలా ఉండాలి’ అని మెమరీలో ఒక లెక్క ఉంచుకుంటుంది, మారిన చోట్లకే అక్షరాలు పంపుతుంది. బర్క్‌లీలోనే కెన్ ఆర్నాల్డ్ ఈ పద్ధతిని ‘కర్సెస్’ లైబ్రరీగా మలిచాడు. తర్వాత జావా భాషతో పేరుపొందిన జేమ్స్ గాస్లింగ్ 1981లో తన ఈమాక్స్ ఎడిటర్‌కు రాసిన తెర దిద్దే కోడ్ ఎంత చిక్కంటే, దాని మొదట్లో పుర్రె, ఎముకల బొమ్మ గీసి మరీ హెచ్చరించాడు!

మోడెములు పోయినా ఆ లెక్క పోలేదు. నేటి తెర గోలలన్నీ దాదాపు అది తప్పడం వల్లే. వెనక నడుస్తున్న ప్రోగ్రాం ఏదో సందేశం తెర మీదికి నేరుగా విసిరితే ఎడిటర్‌కు ఆ సంగతే తెలియదు. కంట్రోల్-ఎల్ నొక్కితే పాత లెక్క వదిలేసి తెరంతా మళ్లీ గీస్తుంది. అంతటితో కుదుటపడితే సరే. వెంటనే మళ్లీ చెదిరితే టెర్మినల్ పేరు ఉండే ‘టర్మ్’ వేరియబుల్ చూడాలి. ఏ టెర్మినల్‌కు ఏ సంకేతాలు పంపాలో చెప్పే పట్టికలో ఎడిటర్ ఆ పేరుతోనే వెతుకుతుంది. ఒకే టెర్మినల్‌లో పలు తెరలు నడిపే టీమక్స్ లోపల పనిచేస్తూ బయటి టెర్మినల్ పేరు పెట్టడం తరచూ జరిగే పొరపాటు. సీరియల్ కేబుల్ మీదైతే కిటికీ పరిమాణం అవతలికి చేరదు, ‘ఎస్‌టీటీవై’ కమాండ్‌తో వరుసలు, గళ్లు మనమే చెప్పాలి. ఎడిటర్ కూలిపోయి ప్రాంప్ట్ అస్తవ్యస్తమైతే, కొట్టే అక్షరాలు కనబడకపోయినా ‘రీసెట్’ అని కొట్టి ఎంటర్ నొక్కాలి.

తెలుగు ఫైళ్లకు మరో తంటా. గుడిని సున్నా గడిగా, కొమ్మును ఒక గడిగా లెక్కించే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. వాటి లెక్కలో ‘కి’కి ఒక గడి, ‘కు’కి రెండు. టెర్మినల్ మరోలా కొలిస్తే కర్సర్ ఒక చోట కనిపిస్తుంది, దిద్దుబాటు ఇంకో చోట పడుతుంది. కంట్రోల్-ఎల్ నొక్కినా అదే తప్పు కొలతతో మళ్లీ గీస్తుంది. ఎడిటర్ కొలతా, తన కొలతా ఒకటయ్యే టెర్మినల్ దొరికేదాకా ఆ ఫైలును మామూలు కిటికీ ఎడిటర్‌లో తెరవడమే మేలు.