మాంస పశువుల్లో ఆబోతు ఎంపిక

ఆవు ఏడాదికి ఒక్క దూడను ఈనుతుంది. ఆబోతు మాత్రం మందలో మామూలుగా దాటినా ఏడాదికి పాతిక దూడలకు తండ్రి అవుతుంది. దాని మంచీ చెడూ రెండూ మందంతటికీ త్వరగా పాకుతాయి. కనుక ఆబోతు గురించి అమ్మేవాడు చెప్పే మాటను కొనేవాడు ఎంతవరకు నమ్మవచ్చన్నది ఈ వృత్తిలో మొదటినుంచీ ఉన్న చిక్కు.

ఇంగ్లండులోని లీస్టర్‌షైర్‌లో, డిష్లీ అనే చోట వ్యవసాయం చేసిన రాబర్ట్ బేక్‌వెల్ (1725–1795) ఆబోతుల్ని అమ్మడానికి బదులు ఏడాదికింతని అద్దెకిచ్చేవాడు. ఇతరుల మందల్లో పుట్టిన దూడల్ని చూసి, బాగుంటే ఆ ఆబోతును మళ్లీ తన ఆవులకు వాడుకునేవాడు. సంతానాన్ని చూసి తండ్రి విలువ కట్టడమన్న ఈ పద్ధతిని మించింది నేటికీ లేదు. అయితే అతని లాంగ్‌హార్న్ పశువులకు కొవ్వు పట్టింది గానీ పాడి తగ్గింది.

తర్వాతి తరం వంశం వైపు మొగ్గింది. 1810లో డర్హమ్ ప్రాంతంలో చార్లెస్ కాలింగ్ తన మందను వేలం వేసినప్పుడు ‘కామెట్’ అనే షార్ట్‌హార్న్ ఆబోతు వెయ్యి గినీలు పలికింది. 1822లో జార్జ్ కోట్స్ షార్ట్‌హార్న్ వంశావళి గ్రంథం తెచ్చాడు. తండ్రి తాతల పేర్లలో మోసం తగ్గించడానికి అది ఎంతో మేలు చేసింది. కానీ దూడ ఎంత బరువు తూగుతుందో, ఏ లోపం దాగి ఉందో వంశావళి చెప్పలేదు.

ఆ కొరత 1940, 50లలో అమెరికా హియర్‌ఫోర్డ్ మందల్లో బయటపడింది. పొట్టిగా, గుండ్రంగా, కాళ్లు కురచగా ఉన్న ఆబోతులకే అప్పట్లో ప్రదర్శనల్లో బహుమతులు. వాటిలో కొన్ని మరుగుజ్జుతనాన్ని కలిగించే అంతర్గత జన్యువును మోస్తున్నాయి. అలాంటి ఆబోతూ అలాంటి ఆవూ కలిస్తే సగటున నాలుగింట ఒక దూడ మరుగుజ్జుగా పుడుతుంది. పేరు పోతుందన్న భయంతో కొందరు పెంపకందారులు ఆ దూడల సంగతి దాచారు. ఆ దాపరికం వల్ల నష్టం కొన్నవాళ్ల మందలకూ పాకింది. నుదుటి వంపును కొలిచి దోషం పట్టేందుకు ఒక పరికరం వచ్చినా దానిపై ఆధారపడలేకపోయారు. నమ్మదగినది సంతాన పరీక్షే. జన్యువు మోస్తున్నాయని తెలిసిన ఆవులతో దాటించి, పుట్టిన 16 దూడల్లో ఒక్కటీ మరుగుజ్జు కాకపోతే, ఆబోతులో దోషం ఉండే అవకాశం చాలా తక్కువ. దోషమున్న ఆబోతు ఆ పరీక్షను దాటగలగడం నూటికి ఒక్కసారే.

ఈ దెబ్బతో అందం కన్నా తూకానికి విలువ పెరిగింది. మోంటానాలోని మైల్స్ సిటీ పరిశోధన కేంద్రం 1930ల నుంచే హియర్‌ఫోర్డ్‌ల ఎదుగుదలను కొలుస్తూ, బరువు పెరిగే గుణం వారసత్వంగా వస్తుందని చూపింది. 1968లో అమెరికా పెంపకందారులు, శాస్త్రజ్ఞులు కలిసి బీఫ్ ఇంప్రూవ్‌మెంట్ ఫెడరేషన్ పెట్టుకుని కొలతలకు ఒకే పద్ధతి తెచ్చారు. 1971లో అక్కడి సిమెంటల్ జాతి సంఘం ఆబోతులను పోల్చే పట్టిక ప్రచురించింది. తర్వాత చార్లెస్ హెండర్సన్ అనే శాస్త్రజ్ఞుడి గణిత పద్ధతితో, మేత, మంద తేడాలను పక్కకు నెట్టి సంతాన అంచనా కట్టడం వీలైంది. పాలు మాన్పే నాటి బరువుకు ఒక ఆబోతు అంచనా 20 కిలోలు, మరోదానిది 8 అయితే, ఒకే రకం ఆవులకు వాటి దూడల మధ్య సగటు తేడా 12 కిలోలు. పక్కనే నమ్మక స్థాయిని కూడా 0 నుంచి 1 వరకు అచ్చువేస్తారు. దూడలు పుట్టని కోడెకు అది తక్కువగానే ఉంటుంది. ఇంత తెలుసు, ఇంత తెలియదు అని ఒప్పుకునే ఆ రెండో అంకె వల్లే సిఫారసుకు నిజాయితీ వచ్చింది.

తెలుగు నేల పశువులకూ ఈ చరిత్రలో చోటుంది. ఒంగోలు జాతి బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో ప్రధాన మాంస జాతి అయింది. అక్కడ 1938లో వంశ నమోదు మొదలైంది. తొలుత చెవి, మూపురం, రంగు వంటి జాతి లక్షణాలు చూసినవారు క్రమంగా తూకాలకు, సంతాన అంచనాలకు మారారు. 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న కరవది నుంచి వెళ్లిన ఆబోతు ఊరి పేరుతోనే ప్రసిద్ధమై, ఆ దేశపు మందల్లో విస్తారంగా సంతానాన్ని మిగిల్చింది. దిగుమతైన కొద్ది ఆబోతుల రక్తమే అంతటా వ్యాపించినందున, ఇప్పుడక్కడ ఆబోతును ఎంచేటప్పుడు అంచనాలతోపాటు, దాటించబోయే ఆవులతో దానికెంత దగ్గరి చుట్టరికం ఉందో కూడా లెక్కగడతారు.