శంషాబాదు సీమలో రాజద్రాక్ష



నేడు విమానాశ్రయ మార్గంగానే తెలిసిన సాతంరాయి, శంషాబాదుల చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్షపందిళ్లుండేవంటే నేటి యువతరానికి నమ్మశక్యం కాదు.

హైదరాబాదుకు పేరు తెచ్చిన ద్రాక్ష ‘అనాబ్-ఎ-షాహీ’. అరబ్బీలో ‘ఇనబ్’ అంటే ద్రాక్ష. ‘షాహీ’ పారసీక పదం. వెరసి రాజద్రాక్ష. దీనిని ఇక్కడ తొలుత పెంచినవారు అబ్దుల్ బాఖర్ ఖాన్ అని ఉద్యానశాస్త్ర గ్రంథాలు చెబుతాయి.

చలిదేశాలలో ద్రాక్షతీగ శీతకాలాన ఆకు రాల్చి నిద్రిస్తుంది. మన సీమలో దానికా నిద్ర లేదు. కనుక చలి చేయవలసిన పనిని కత్తెర చేస్తుంది: వేసవిలో కొమ్మల కోసం ఒక కత్తిరింపు, అక్టోబరులో కాయల కోసం మరొకటి.

ఎండ ఈ తీగకు మిత్రమే, తేమయే శత్రువు. కత్తిరింపు తర్వాత చిగుళ్లపై అకాలవర్షం కురిస్తే బూజు తెగులు తప్పదు. 1878లో ఫ్రాన్సు తోటలలో కనిపించినదీ ఈ తెగులే. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం దీనికి మందని 1885లో మిలార్డే ప్రకటించాడు. మన రైతులూ దానినే చల్లారు.

తెగులుకు మందు దొరికింది గాని, భూమి ధరకు దొరకలేదు. 2008 మార్చి 23న విమానాశ్రయం ప్రారంభమైంది. పందిరి వేసి, పండుకై ఏళ్లు నిరీక్షించే సేద్యం ఆ ధరల ముందు నిలుస్తుందా?

పెరటిలో ద్రాక్ష నాటదలచినవారు గాలి ఆడే చోటు చూడండి. వానలు వెనుదిరిగాకనే కత్తెర పట్టండి.