ఆలస్యాన్ని బట్టి గ్రహం బరువు

యురేనస్ లెక్క ప్రకారం నడవడం లేదు, దాన్ని ఇంకేదో లాగుతోంది. ఆ లాగే గ్రహం ఎక్కడుండాలో ఫ్రాన్స్‌లో ఖగోళ శాస్త్రవేత్త లెవెరియే గణించి బెర్లిన్‌కు ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి అక్కడ యోహాన్ గాలె దూరదర్శిని అటు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. బుధుడి నడకలోని తేడాకూ లెవెరియే ఇదే పద్ధతిలో వల్కన్ అనే గ్రహాన్ని ఊహించాడు. అది లేనే లేదు. అసలు కారణం 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం వచ్చాకే తేలింది. నడకలోని తేడాను బట్టి కనిపించని గ్రహాన్ని పట్టే ఈ విద్య గెలుపునూ ఓటమినీ మొదట్లోనే చూసేసిందన్నమాట.

దూరపు నక్షత్రాల దగ్గరికి ఇది చేరడానికి చాలా కాలం పట్టింది. గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా దాటితే వెలుగు కాస్త తగ్గుతుంది. దీన్నే ట్రాన్సిట్ అంటారు. దూరపు నక్షత్రం దగ్గర ఇది 1999లో మొదటిసారి పట్టుబడింది. ఎంత వెలుగు తగ్గిందో చూస్తే గ్రహం సైజు తెలుస్తుంది, బరువు తెలియదు. ఒంటరి గ్రహమైతే ఈ దాటడం ఠంచనుగా జరుగుతుంది. పక్కన మరో గ్రహం ఉంటే దాని ఆకర్షణ వల్ల ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా వస్తుంది. ఆ తేడా నుంచి పక్కదాని బరువు లాగొచ్చని 2005లో హోల్మన్, మర్రే ఒకవైపు, ఎరిక్ ఏగోల్ బృందం మరోవైపు లెక్కకట్టి చూపారు. అప్పటికి చేతిలో సరైన కొలతలు లేవు. నాకు ఈ కథలో నచ్చేది ఇదే: తక్కెడ ముందు తయారైంది, సరుకు తర్వాత వచ్చింది.

సరుకు తెచ్చింది 2009లో నాసా పంపిన కెప్లర్ టెలిస్కోపు. మరుసటి ఏడాదే కెప్లర్-9 అనే నక్షత్రం చుట్టూ రెండు గ్రహాలు బయటపడ్డాయి. ఒకటి 19.2 రోజులకు, రెండోది 38.9 రోజులకు చుట్టి వస్తాయి. లోపలిది ఇంచుమించు రెండు చుట్లు తిరిగేసరికి బయటిది ఒకటి పూర్తిచేస్తుంది. కాబట్టి రెండూ దాదాపు ఒకేచోట ఎదురుపడుతూ, ఉయ్యాలను సరైన సమయానికి తోసినట్టు, ఒకదాన్నొకటి తోస్తుంటాయి. అప్పటి కొలతల్లో చుట్టుచుట్టుకీ మొదటిదాని కాలం సగటున 4 నిమిషాలు పెరుగుతుంటే, రెండోదాని కాలం 39 నిమిషాలు తగ్గుతోంది. అయితే కొద్ది నెలల కొలతలతో తేల్చిన ఆ బరువులు నిలవలేదు. 2014లో మరింత డేటాతో తూచితే దాదాపు సగానికి దిగాయి.

కనిపించని గ్రహాన్ని పట్టుకోవడం ఇంకా చిక్కు. కెప్లర్-19 అనే నక్షత్రం దగ్గర 2011లో ఒక గ్రహం దాటే వేళ సుమారు 5 నిమిషాలు అటూ ఇటూ ఊగుతుంటే, మరోటి ఉందని ఖాయమైంది. కానీ అది ఎంతది, ఎక్కడిది? ఒకే తేడాను రకరకాల గ్రహాలు తేగలవు. జవాబు దొరికింది 2017లో, అదీ నక్షత్రం ఊగిసలాటను కూడా కొలిచాకే: భూమికి 13 రెట్ల బరువు, 28.7 రోజుల చుట్టు.

అందుకే కొత్త గ్రహాలను వెతకడం కన్నా, దొరికినవాటిని తూచడంలోనే ఈ పద్ధతి సత్తా ఎక్కువని నా అభిప్రాయం. 40 కాంతి సంవత్సరాల దూరంలోని ట్రాపిస్ట్-1 నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నాయి. స్పిట్జర్ తదితర టెలిస్కోపులు పట్టిన ట్రాన్సిట్‌ల నుంచి 2021లో ఏగోల్ బృందమే వాటి బరువులను 3 నుంచి 5 శాతం కచ్చితత్వంతో తేల్చింది. వాటిలో నాలుగోదాని బరువు భూమి బరువులో 69 శాతం.