బోధన్ పెళ్లిలో యాభై లెక్క

జానకంపేట దాటి, ఎడపల్లి దాటి బోధన్ చేరేసరికి పొద్దు గూకింది. ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఎదుర్కోళ్లు సాగుతున్నాయి. డప్పుల హోరులో మీరు దారి చేసుకుంటూ వచ్చి కెమెరా పట్టిన కుర్రాడి వెనక నిలబడ్డారు. అతని భుజం మీదుగా చిన్న తెర కనిపిస్తోంది. మీ కంటికి హాలంతా నిండైన తెల్లటి వెలుగు. తెర మీద మాత్రం అదే గోడపై మసక పట్టీలు అడ్డంగా వణుకుతూ పాకుతున్నాయి. ఒక పట్టీ పెళ్లికొడుకు తలపాగా మీదుగా జారి, బొట్టు పెడుతున్న అత్తగారి ముఖం మీద పడింది.

“అన్నా, గీ గీతలేంది? కెమెరా ఖరాబైందా?”

పెద్ద కెమెరామన్ వంగి చూశాడు. వీహెచ్ఎస్ క్యాసెట్ల కాలం నుంచి నిజామాబాద్‌లో పెళ్లిళ్లు తీస్తున్న మనిషి.

“కెమెరాకేం కాలే తమ్మీ. షట్టర్ ఎంత పెట్టినవ్?”

“ఒకటి బై అరవై. ఫ్రేములు ముప్పై. మా బావ అమెరికాల కొని తెచ్చిండు. ఎట్లున్నదో అట్లనే వాడుతున్న.”

“అది ఆడి కరెంటు లెక్క. మనది యాభై. షట్టర్ యాభైకి తే.”

కుర్రాడు బొటనవేలితో చక్రాన్ని ఒక్క మెట్టు తిప్పాడు. పట్టీలు మాయం. అత్తగారి ముఖం ఇప్పుడు తేటగా ఉంది.

బయట డప్పు వింటున్నారు కదా, ఆ దెబ్బల్నే వెలుగనుకోండి. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అటు కొసన ఒకసారి, ఇటు కొసన ఒకసారి వెలుగు పెరుగుతుంది కాబట్టి పాత చోకు ట్యూబు లైటు సెకనుకు 100 దెబ్బలు వేస్తుంది. షట్టర్ తెరిచి ఉన్నంతసేపే కెమెరా వింటుంది. 1/50 సెకను తెరిస్తే ప్రతి ఫ్రేములో సరిగ్గా రెండు దెబ్బలు పడతాయి, 1/100 తెరిస్తే ఒకటి. అదే 1/60 అయితే ఒక దెబ్బ, ఇంకో దెబ్బలో మూడింట రెండు వంతులు. ఆ ముక్క ఒక ఫ్రేములో దెబ్బ మొదటి భాగం, తర్వాతి ఫ్రేములో మధ్య భాగం. ముప్పై ఫ్రేముల లెక్కలో ఈ తేడా మూడు ఫ్రేములకోసారి తిరిగొస్తుంది, అంటే వెలుగు సెకనుకు పదిసార్లు ఎగిసిపడుతుంది. పైగా సెన్సరు బొమ్మను ఒక్కసారిగా పట్టుకోదు, పై వరుస నుంచి కింది వరుస దాకా చదువుకుంటూ పోతుంది. అందుకే ఆ హెచ్చుతగ్గులు పట్టీలై కనిపించాయి.

ఫ్రేములు మాత్రం ఇంకా ముప్పయ్యే ఉన్నాయి, చూడండి. మారింది షట్టర్ ఒక్కటే. చాలామంది 25 ఫ్రేముల పాల్, 30 ఫ్రేముల ఎన్టీఎస్సీ అంటూ ఫ్రేముల దగ్గరే ఆగిపోతారు. ఆ రెండు టీవీ పద్ధతులు 50, 60 హెర్ట్జ్ కరెంటును అనుసరించి పుట్టినవే గానీ, దీపం అడిగేది మాత్రం షట్టర్‌ను. ఏ ఫ్రేములైనా తీసుకోండి, షట్టర్ ఈ ఊరి కరెంటుకు లోబడాలి. సినిమా కోసం 24 ఫ్రేములు తీసేవాళ్లూ అంతే. ఇక్కడికి దగ్గర్లోని బాన్సువాడలో 2017 నాటి ‘ఫిదా’ తీశారు. అలాంటి యూనిట్లు రాత్రి మన దీపాల కింద 24 ఫ్రేములకు కెమెరా ఆడిస్తే, షట్టర్ కోణం 180 బదులు 172.8 డిగ్రీలు పెట్టుకుంటే సరిగ్గా 1/50 వస్తుంది. పెళ్లి వీడియోకు నా ఓటు 25కే. లెక్క సూటిగా కుదురుతుంది, ఒక ఫ్రేము మొత్తం వ్యవధికి నాలుగు దెబ్బలు, అందులో షట్టర్ తెరిచి ఉన్నంతసేపు రెండు.

మరి క్యాసెట్ల రోజుల్లో ఈ బాధ ఎందుకు లేదు? అప్పటి హాలోజన్ లైటు గుర్తుందా, పెళ్లికూతురు కళ్లు మూసుకునేటంత వేడి. అందులోని తీగ సెకనులో వందో వంతు వ్యవధికి చల్లారదు. పైగా ఇక్కడ దొరికిన పాల్ కెమెరాలు పుట్టుకతోనే యాభైకి కట్టుబడ్డవి.

ఇప్పుడు మండపం దగ్గరికి రండి. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు మొదలవుతున్నాయి. కుర్రాడు కెమెరాను 120 ఫ్రేములకు మార్చాడు, బియ్యపు గింజలు గాల్లో తేలుతూ దిగాలని. మంచి ఆశే. కానీ 120 ఫ్రేముల్లో షట్టర్ ఎంత తెరిచినా 1/120 సెకను దాటదు. వెలుగు దెబ్బ పూర్తికావడానికి 1/100 కావాలి. ఒక్క దెబ్బ కూడా నిండుగా పట్టదు. తీశాక అయిదింతలు మెల్లగా ఆడిస్తే, గింజలతో పాటు హాలు మొత్తం సెకనుకు నాలుగుసార్లు ఉబ్బుతూ తగ్గుతూ కనిపిస్తుంది. దీన్ని తర్వాత ఎడిటింగ్‌లో దిద్దడం చాలా కష్టం, ముఖాల రంగు కూడా కదిలిపోతుంది.

“మెనూల పాల్ ఉన్నదా చూడు. ఉంటే నూరు ఫ్రేములు దొరుకుతయ్.”

ఉంది. కెమెరా ఆపి మళ్లీ వెలిగించేలోపు పెద్దాయన పురోహితుడికి సైగ చేసి రెండు నిమిషాలు సంపాదించాడు. ఆ ఓపిక చూడండి, ఆ గింజల కోసం. 100 ఫ్రేములు, షట్టర్ 1/100. ప్రతి ఫ్రేముకూ ఒక నిండు దెబ్బ. తెర నిలకడగా ఉంది, గింజలు దిగుతున్నాయి.

వెనకున్న ఎల్ఈడీ వాల్ మీద మాత్రం ఇంకా సన్నటి నల్ల గీతలు. వాటికి కరెంటు లెక్క పనిచేయదు. ఎల్ఈడీ వాల్, రంగుల పార్ లైట్లు తమ సొంత వేగంతో ఆరి వెలుగుతాయి. తగ్గించి వెలిగిస్తే ఆ చీకటి సందులు ఇంకా పెరుగుతాయి. పెద్దాయన లైటింగ్ వాళ్ల దగ్గరికి నడిచి, పార్ లైట్లను పూర్తిగా పెంచమని, వాల్ రిఫ్రెష్ రేటు ఎంత పోతే అంత పెట్టమని చెప్పి వచ్చాడు. గీతలు పలచబడ్డాయి, పూర్తిగా పోలేదు. వధూవరుల వెనక ఆ వాల్‌ను కొంచెం ఫోకస్ తప్పించి తీశారు.

అర్ధరాత్రికి బారాత్. షక్కర్‌నగర్ వైపు రోడ్డు మీద డీజే బండి, వెనక జనరేటర్. ఒకప్పుడు ఈ ఊరికి పేరు తెచ్చిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఊరేగింపులో చిందేస్తున్న పెద్దవాళ్లు కొందరు అక్కడి జీతం మీద పిల్లల్ని పెంచినవాళ్లే. వాళ్ల నాట్యం మసకబారకూడదు. హాల్లో పని సులువైంది, ఎందుకంటే 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశంతో కలిసింది. బోధన్ ట్యూబు, ఢిల్లీ ట్యూబు ఒకే వేగంతో నడుస్తాయి, యాభైకి అటూ ఇటూ చాలా స్వల్పంగా. జనరేటర్ అలా కాదు. లోడు లేనప్పుడు 52 దాకా పోతుంది, డీజే బాస్ పడగానే దిగుతుంది. 1/50 పెట్టినా సన్నటి అల తెర మీద కదులుతోంది. పెద్దాయన బ్యాటరీ ఎల్ఈడీ లైటు తీసి, పూర్తిగా పెంచి, చిందేస్తున్నవాళ్ల ముఖాలకు దగ్గరగా పట్టించాడు. దాని వెలుగుకు ఏ జనరేటర్‌తోనూ పనిలేదు. అల ఆ వెలుగులో మునిగిపోయింది.

మర్నాడు నిజామాబాద్ స్టూడియోలో ఎడిటింగ్. గల్ఫ్ నుంచి ఇద్దరు మేనమామల దీవెనల వీడియోలు వచ్చాయి. దుబాయ్ వీడియో తేటగా ఉంది, అక్కడా 50 హెర్ట్జే. రియాద్ వీడియో చూడగానే కుర్రాడు తలెత్తాడు. గది గోడ మీద అవే పట్టీలు. సౌదీలో కరెంటు 60. ఆయన ఫోన్‌లో బోధన్‌లో పెట్టుకున్న 25 ఫ్రేములు, 1/50 షట్టర్ అలాగే ఉన్నాయి.

కుర్రాడే ఫోను కలిపాడు. “మామా, నీ ప్రో వీడియోల ఫ్రేములు ముప్పై పెట్టు, షట్టర్ ఒకటి బై అరవై. మల్ల ఒక్కసారి చెప్పవా?”

“డ్యూటీకి పోయే టైమైంది బిడ్డా... ఆగు, పెడుత.”

మామ రెండోసారి దీవించిన వీడియో వచ్చేసరికి టైమ్‌లైన్‌లో తలంబ్రాలకు ముందు దానికి చోటు సిద్ధంగా ఉంది.