గుంతకల్లు మీదుగా జిద్దా

"బెంగళూరు నుంచి జిద్దాకు ఎంత దూరం బేటా?" హజ్‌కు రవానా అవుతున్న కదిరి పెద్దాయన ఒకాయన మొన్న నన్నడిగారు. ఆకాశమార్గాన దాదాపు 4,200 కిలోమీటర్లు, ఆరు గంటల సఫర్ అన్నాను. పొద్దున పదికి ఎగిరితే, అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి, మధ్యాహ్నం ఒకటిన్నరకే దిగొచ్చు. జొహర్ నమాజ్ అక్కడే. ఆయన నవ్వి, "మా దాదా శెనక్కాయ విత్తకముందు పోయి, పీకేటప్పటికి వచ్చినాడంట" అన్నారు.

అతిశయోక్తి అనుకోకండి. ఆ జమానాలో కదిరి నుంచి ధర్మవరం, అక్కణ్ణుంచి గుంతకల్లు, అంతా మీటర్ గేజే. గుంతకల్లులో పెట్టెలు దించి బ్రాడ్ గేజ్ మీద బొంబాయి రైలెక్కాలి. మద్రాసు, బొంబాయి రైలుదారులు 1871లో రాయచూరు దగ్గర కలవబట్టే ఈ మాత్రం వీలైంది. బొంబాయిలో క్రాఫర్డ్ మార్కెట్ దగ్గరి సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానా లాంటి చోట్ల జహాజ్ కోసం ఇంతెజార్. తర్వాత మొగల్ లైన్ ఓడ, వారానికి పైగా సముద్రం. బ్రిటిష్ హయాంలోనైతే ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో దించి, కలరా భయంతో క్వారంటైన్‌లో పెట్టేవాళ్ళు. యలమ్‌లమ్‌కు ఎదురుగా వచ్చేసరికి ఓడ మీదే గుసుల్ చేసి ఇహ్రాం కట్టేవాళ్ళు. ఇప్పుడు విమానంలో ఆ మీఖాత్ నిమిషాల్లో దాటిపోతుంది, అందుకే చాలామంది ఎక్కకముందే కట్టుకుంటున్నారు.

తోడుగా కఫన్ గుడ్డ కూడా తీసుకెళ్ళేవాళ్ళు. దారిలో ఇంతెఖాల్ అయితే జనాజా నమాజ్ చదివి సముద్రంలోకే వదిలేవాళ్ళు. ఇంటికి ఆ ఖబర్ చేరేసరికి నెలలు పట్టేది. ఊరంతా తిరిగి "కహా సునా మాఫ్ కర్నా" అని క్షమాపణ అడగడం అందుకే, మర్యాద కోసం కాదు.

ఓడలు 1995లో బంద్ అయ్యాయి. 1981లో తెరిచిన జిద్దా విమానాశ్రయంలో హజ్ టర్మినల్ కప్పు తెల్లటి గుడారాల వరసలా ఉంటుంది. దాని ఇంజనీరు ఢాకా వైపు మనిషి, ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. మన రాష్ట్ర హాజీలకు 2023లో విజయవాడ నుంచీ విమానం పెట్టారు, బాగానే ఉంది. కానీ కదిరి మనిషికి బెంగళూరు మూడు గంటలు, విజయవాడ ఒక రాత్రి ప్రయాణం. పుట్టపర్తిలో 1990 నుంచి విమానాశ్రయం ఉంది గానీ మన హాజీలకు దాంతో పనిలేదు.

అసలు దూరం మాత్రం ఖర్చులోనే మిగిలింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల మీద, పంట చేతికొచ్చిన ఏడు కొంత, రాని ఏడు ఏమీ లేకుండా, ఇరవై ఏళ్ళు దాచారట ఆయన. బేగం ఈలోగా అల్లాకు ప్యారీ అయిపోయింది.

నిన్న అసర్ తర్వాత మా గడపకూ వచ్చారు. ఆరు గంటల సఫరే కదా చాచా, వాట్సాప్‌లో రోజూ మాట్లాడుకుంటాం అన్నాను. కూర్చోలేదు. నా రెండు చేతులూ పట్టుకుని, "కహా సునా మాఫ్ కర్నా బేటా" అని, పక్కింటి తలుపు తట్టడానికి కదిలారు.