దుప్పట్లు తాకట్టు పెట్టిన ఇల్లాలు
(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇంట్లో అవసరం ముంచుకొచ్చినప్పుడు మొట్టమొదట తాకట్టుకు వెళ్ళేదేమిటి? మన చేతి గాజులు, మెడలో గొలుసు. అవీ లేనివాళ్ళకు పుట్టింటివారు పెట్టిన ఇత్తడి బిందె. ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా? కాని ఎక్కడో ఇటలీలో 1948లో వచ్చిన ఒక సినిమా సరిగ్గా ఇక్కడే మొదలవుతుందంటే కాస్త ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ సినిమా ‘బైసికిల్ థీవ్స్’. తీసినాయన వితోరియో డిసికా. రెండో ప్రపంచయుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్ళు. రోమ్ నగరంలో పని దొరకడమే గగనంగా ఉంది. ఆంటోనియో అనే అతనికి గోడలకు పోస్టర్లంటించే ఉద్యోగం వచ్చింది. సైకిలుంటేనే పని అన్నారు. ఆ సైకిలు కాస్తా తాకట్టులో ఉంది. అతను దిగాలు పడిపోతే, భార్య మరియా చరచరా వెళ్ళి మంచం మీద పరిచిన దుప్పట్లు లాగి మూట కట్టింది. అవి ఆమె పెళ్ళినాటి దుప్పట్లు. వాటిని తాకట్టు పెట్టి సైకిలు విడిపించుకున్నారు. ఆ మూటను పెట్టడానికి కొట్లో మనిషి అరలు పట్టుకుని పైకెక్కుతాడు. చూద్దుము గదా, కింది నుంచి పైదాకా అన్నీ దుప్పట్ల మూటలే! ఎన్ని ఇళ్ళ మంచాలు ఖాళీ అయ్యాయో మాటల్లేకుండానే తెలిసిపోతుంది.

పనిలో చేరిన మొదటి రోజే సైకిలు దొంగలెత్తుకుపోయారు. పోలీసులు ఫిర్యాదు రాసుకుని ఊరుకున్నారు. ఆదివారమంతా చిన్నకొడుకు బ్రూనోను వెంటబెట్టుకుని ఊరంతా గాలించాడు. దొరకలేదు. చివరికి తనే ఒకరి సైకిలు దొంగిలించబోయి, కొడుకు కళ్ళెదుటే పట్టుబడ్డాడు. ఏడుస్తున్న పిల్లవాణ్ణి చూసి సైకిలు గల ఆసామి పోనిమ్మన్నాడు. తలవంచుకు నడుస్తున్న తండ్రి చేతిని ఆ పసివాడు మెల్లిగా పట్టుకున్నాడు. కథ అంతే. న్యాయం జరిగిందా? జరగలేదు. కాని ఆ చెయ్యి మటుకు వదల్లేదు.

యుద్ధానంతరం రోమ్‌లోని పెద్ద స్టూడియో నిర్వాసితులకు శిబిరమైంది. డబ్బూ లేదు. అంచేత అక్కడి దర్శకులు చాలామంది వీధుల్లోకే వచ్చి, మామూలు మనుషులతో సినిమాలు తీశారు. ఆంటోనియో వేషం వేసిన లాంబెర్తో మాజొరాని నిజంగానే ఫ్యాక్టరీ కార్మికుడు. సినిమా అయ్యాక ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం పోయింది! కథ కంటే బతుకే కఠినమన్నమాట.

1952 జనవరిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం బొంబాయిలో మొదలై, మద్రాసుకు కూడా వచ్చింది. అందులో ఈ సినిమా చూపించారు. అది చూసిన బిమల్ రాయ్ మరుసటి ఏడే ‘దో బీఘా జమీన్’ తీశారు. అప్పు తీర్చి భూమి నిలబెట్టుకోవడానికి కలకత్తా వెళ్ళి రిక్షా లాగిన రైతు కథ అది. అతని వెంట కూడా ఒక కొడుకున్నాడు, ఊళ్ళో ఎదురుచూసే భార్య ఉంది.

ఇక మన హైదరాబాదు సంగతి. ఇక్కడే పుట్టి, నిజాం కాలేజీలో చదువుకున్న శ్యామ్ బెనెగల్ 1974లో ‘అంకుర్’ తీశారు. మాట్లాడేది హిందీ అయినా, యాస మన దక్కనీ, పల్లె మన తెలంగాణా పల్లె. మూగవాడైన భర్తను భూస్వామి కొడుకు కొరడాతో కొడుతుంటే, లక్ష్మి అడ్డంపడి అతన్ని నోరారా దుమ్మెత్తిపోస్తుంది. ఆ వేషం షబానా ఆజ్మీది. ఇదంతా చూసిన ఒక పసివాడు ఆ ఇంటి కిటికీ మీద రాయి విసురుతాడు. రోమ్‌లో పిల్లవాడు తండ్రి చెయ్యి పట్టుకున్నాడు, మన పల్లెలో పిల్లవాడు రాయి పట్టుకున్నాడు. పెద్దవాళ్ళకు దొరకని న్యాయాన్ని రెండుచోట్లా కళ్ళారా చూసింది పిల్లలే.

తరువాత మన బి. నర్సింగరావు గారు 1988లో ‘దాసి’ తీశారు. ఇటలీ ఇల్లాలు పెళ్ళినాటి దుప్పట్లు తాకట్టు పెట్టింది. మన గడీలలోనో, పెళ్ళికూతురి వెంట సామానుతోపాటు ఒక ఆడపిల్లనే అరణంగా పంపేవారు! ఆ పిల్ల బతుకును కళ్ళకు కట్టిన అర్చనకు జాతీయ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. 1990లో ఆయనే ‘మట్టి మనుషులు’ తీశారు. పల్లె విడిచి పట్నానికొచ్చి, కట్టడం పనుల్లో ఇటుకలూ సిమెంటూ మోసే కూలీల కథ అది. ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. ఇటలీ సినిమాలు చూసి ఇవి తీశారని నేననడం లేదు. ఒకే కష్టం ఉన్నచోట ఒకే కథ పుడుతుందంటున్నాను.

ఆ సినిమా వచ్చిన ఎనిమిదేళ్ళకు, 1998 నవంబరు 22న, మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి గారు ప్రారంభించారు. తరువాత గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ – రాళ్ళగుట్టలన్నీ అద్దాల మేడలైపోయాయి. మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలొచ్చాయి, మనకు అక్కడ ఫ్లాట్లొచ్చాయి. బాగానే ఉంది. మరి ఆ మట్టి మనుషులేమయ్యారు? పాలమూరు నుంచి వచ్చినవారికి తోడు ఒడిశా, బీహారు, జార్ఖండ్‌ల నుంచి కూడా వచ్చి ఈ మేడలు కట్టారు. పిల్లర్ల మధ్య పాతచీర ఉయ్యాల కట్టి, బిడ్డను పడుకోబెట్టి, తట్టమోసే తల్లిని మనలో చూడనివారెవరు?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. పని లేదు, ఇంటికి వెళ్ళే దారి లేదు. నెల దాటాక, మే 1న, వలస కూలీలకోసం దేశంలో మొట్టమొదటి ప్రత్యేక రైలు బయలుదేరింది. ఎక్కడినుంచనుకున్నారు? మన హైటెక్ సిటీకి దగ్గరలోనే ఉన్న లింగంపల్లి స్టేషను నుంచి, జార్ఖండ్‌లోని హటియాకు. సుమారు 1,200 మంది వెళ్ళారు. ఈ ఊళ్ళో ఇన్ని మేడలు కట్టినవారికి, తలదాచుకుందామంటే ఊరే దిక్కయింది. డిసికా ఉంటే కెమెరా పట్టుకుని ఆ ప్లాటుఫారం మీదికే వచ్చేవాడు కాబోలు.

సినిమా చూసి కళ్ళు తుడుచుకోవడం మనకు బాగా అలవాటే. కాని మరియా మన వీధిలోనే ఉంది. మన పక్క స్థలంలో కట్టడం మొదలైనప్పుడు, అక్కడి తల్లి మంచినీళ్ళడిగితే వాచ్‌మన్‌తో కసిరించకుండా ఉండగలమా? మగవాడితో సమానంగా తట్టలు మోసినామెకు కూలీ కూడా సమానంగా ఇస్తున్నారా అని మేస్త్రీనీ, బిల్డరునీ ఒక్కమాట అడగగలమా? ఆమె బిడ్డను దగ్గర్లోని అంగన్‌వాడీకి పంపేందుకు దారి చూపగలమా? న్యాయమంటే కోర్టులోనే ఉంటుందని మనం అనుకుంటాం. అది ముందు గడపలో మొదలవ్వాలి. ఆ బిడ్డ కూడా చూస్తున్నాడు గదా. రేపు వాడి చేతిలో ఉండేది మన చెయ్యో, రాయో, కొంత మన చేతుల్లోనే ఉంది.

మరి సెలవు.